ముసురులో రామప్ప, మిట్టెండలో కోట: ప్రింటుకు సమయం, ఫిల్టర్ లెక్క కట్టడం ఎలా?

ప్రశ్న: మాది హనుమకొండ. ఒకప్పుడు స్టూడియో నడిపిన మా మేనమామ దగ్గర మూలన పడి ఉన్న ఎన్లార్జర్‌ను (నెగెటివ్‌లోని బొమ్మను పెద్దది చేసి కాగితం మీద పడవేసే యంత్రాన్ని) తెచ్చుకొని, స్నానాల గదినే రాత్రిపూట డార్క్‌రూమ్‌గా మార్చుకొని, 35 మిల్లీమీటర్ల నలుపు తెలుపు ఫిల్ముతో తీసిన ఫోటోలను మల్టీగ్రేడ్ ఆర్‌సీ పేపర్ (ఫిల్టర్ మార్చి నలుపు తెలుపుల మధ్య తేడాను మార్చుకోగల, ప్లాస్టిక్ పూత ఉన్న ఫోటో కాగితం) మీద స్వయంగా ప్రింట్ చేసుకుంటున్నాను. గత వానకాలం ముసురు పట్టిన రోజున రామప్ప గుడి దగ్గర తీసిన నెగెటివ్, 2వ నంబరు ఫిల్టర్‌తో ఎలా వేసినా బూడిద రంగులోనే వస్తోంది. సమయం పెంచితే ఫోటో అంతా నల్లబడుతోంది తప్ప గట్టి నలుపు రావడం లేదు. మే నెల మధ్యాహ్నం వరంగల్ కోటలో తీసిన తోరణం నెగెటివ్ దీనికి పూర్తి వ్యతిరేకం: రాయి నీడ వైపు నల్లటి ముద్దగా, ఎండ వైపు ఉత్త తెల్ల కాగితంగా వస్తోంది. టెస్ట్ స్ట్రిప్‌ను (వేర్వేరు సమయాలు ఇచ్చి చూసే కాగితం పట్టీని) 5, 10, 15, 20, 25 సెకన్లుగా వేస్తున్నాను. ఎండకాలంలో డెవలపర్‌లో (కాగితం మీద బొమ్మను బయటికి తెచ్చే ద్రావణంలో) ప్రింట్ తొందరగా నల్లబడుతుంటే 30 సెకన్లకే బయటికి తీసేస్తున్నాను. సమయాన్నీ, ఫిల్టర్ నంబరునూ ముందే లెక్క కట్టి తెలుసుకునే పద్ధతి ఏదైనా ఉందా? అలాగే 5×7 అంగుళాల ప్రింటుకు సరిపోయిన సమయాన్ని బట్టి 8×10 అంగుళాలకు ఎంత ఇవ్వాలో చెప్పగలరు.

సమాధానం: లెక్క కట్టే పద్ధతి ఉంది, అది కష్టమైనదీ కాదు. అయితే ఆ లెక్కలోకి దిగే ముందు మీ డెవలపర్ ట్రే దగ్గర ఒక అలవాటు మార్చుకోవాలి. ప్రింట్ నల్లబడుతోందని 30 సెకన్లకే బయటికి లాగినంత కాలం మీరు ఎంత జాగ్రత్తగా కట్టిన లెక్కా నిలబడదు. పేపర్ మీద గట్టి నలుపు ఏర్పడడానికి డెవలపర్ చివరిదాకా పని చేయాలి. మధ్యలో తీసేస్తే తెలుపులు ఎంతో కొంత కుదురుకుంటాయి గాని, నలుపులు సగంలోనే ఆగిపోతాయి, పైగా ప్రింట్ మీద మచ్చలు మచ్చలుగా అసమానత కూడా కనిపిస్తుంది. మీ రామప్ప ప్రింట్ బూడిద రంగులో రావడానికి నెగెటివ్ ఎంత కారణమో ఈ తొందరపాటు కూడా అంతే కారణం అయి ఉండవచ్చు. డెవలపర్ వేడెక్కిన సంగతి అలా ఉంచితే (దానికి కింద వస్తాను), ప్రింట్ ట్రేలో త్వరగా నల్లబడుతోందంటే ఎన్లార్జర్ కింద సమయం ఎక్కువ ఇచ్చారని అర్థం, దాన్ని అక్కడే తగ్గించాలి.

ఆర్‌సీ పేపర్‌కు ఇల్ఫోర్డ్ మల్టీగ్రేడ్ డెవలపర్‌ను ఒకటికి తొమ్మిది పాళ్ల నీళ్లు కలిపి వాడితే, 20 డిగ్రీల వద్ద 60 సెకన్లు ఉంచాలని తయారీదారు చెబుతాడు. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో మేడ మీది ట్యాంకు నీళ్లు రాత్రి పదింటికి కూడా వేడిగానే వస్తాయి కనుక 20 డిగ్రీలు అనేది ఐసు లేకుండా కుదిరే మాట కాదు. డెవలపర్ ట్రేను చల్లటి నీళ్లు పోసిన పెద్ద ట్రేలో నిలిపి, నీళ్లు గడ్డకట్టించిన సీసా ఒకటి ఆ నీళ్లలో వేసి, 25 డిగ్రీల చుట్టుపక్కల ఉంచగలిగితే చాలు. 30 డిగ్రీలు దాటనీయవద్దు, ఎందుకంటే అక్కడి నుంచి పేపర్ మీది పొర మెత్తబడడం, తెలుపుల మీద సన్నటి మసక పేరుకోవడం మొదలవుతాయి. ఉష్ణోగ్రత రోజుకొక రకంగా ఉన్నా ఫలితం ఒకేలా రావడానికి పాత ప్రింటర్లు వాడిన పద్ధతి ఒకటుంది: కాగితాన్ని ట్రేలో వేసిన క్షణం నుంచి ఫోటోలో మొదటి నలుపు కనిపించేదాకా ఎన్ని సెకన్లు పట్టిందో లెక్కపెట్టి, ఆ సంఖ్యను ఎప్పుడూ ఒకే గుణకంతో హెచ్చించి మొత్తం సమయంగా తీసుకోవడం. ఉదాహరణకు 20 డిగ్రీల వద్ద 10 సెకన్లకు మొదటి నలుపు కనిపించి, మొత్తం 60 సెకన్లు ఉంచారనుకుంటే గుణకం 6 అవుతుంది. 27 డిగ్రీల వద్ద అదే నలుపు 7 సెకన్లకే కనిపిస్తే 42 సెకన్లు ఉంచుతారు. అది తొందరపడి తీసినట్లు కాదు, వేడి డెవలపర్ తన పని తాను త్వరగా ముగించినట్లు. స్టాప్ బాత్‌కు (డెవలపర్ పనిని ఆపే ద్రావణానికి) కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు లీటరు నీళ్లకు 15 గ్రాములు సరిపోతుంది. హైపో (బొమ్మను స్థిరపరిచే ద్రావణం) సంగతి మీకు తెలిసే ఉంటుంది, దాని జోలికి పోను.

ఇక అసలు విషయానికి వస్తాను. ప్రింటులో తెలుపులు ఎలా ఉండాలో నిర్ణయించేది ఎక్స్‌పోజర్ సమయం, అంటే కాగితం మీద కాంతి పడే సమయం. ఆ తెలుపులు కుదిరిన తరువాత నలుపులు ఎంత లోతుగా ఉండాలో నిర్ణయించేది ఫిల్టర్. ఈ వరుసను తారుమారు చేయకూడదు. మీరు రామప్ప నెగెటివ్ విషయంలో నలుపు రావాలని సమయం పెంచారు. సమయం పెంచితే నలుపులతో పాటు తెలుపులూ అదే నిష్పత్తిలో ముదురుతాయి కనుక రెంటి మధ్య దూరం పెరగదు, ఫోటో మొత్తం ఒక మెట్టు కిందికి జారుతుంది, అంతే. కోట నెగెటివ్‌కు కూడా ఇదే వర్తిస్తుంది: ఎండ వైపు రాతిలో వివరం రావాలని సమయం పెంచితే నీడ వైపు ముద్ద మరింత గట్టిపడుతుంది. రెండు నెగెటివ్‌లకూ 2వ నంబరు ఫిల్టర్‌నే పట్టుకొని సమయంతో కుస్తీ పట్టడం వల్లే మీకు రెండు వ్యతిరేక ఫలితాలు వచ్చాయి.

ముందు టెస్ట్ స్ట్రిప్ సంగతి. 5, 10, 15, 20, 25 అని సమానంగా ఐదేసి సెకన్లు పెంచుతూ పోతే మెట్లు సమానంగా ఉండవు. 5 నుంచి 10కి వెళ్లడం అంటే కాంతిని రెట్టింపు చేయడం, అంటే ఒక పూర్తి స్టాప్. 20 నుంచి 25కి వెళ్లడం అంటే స్టాప్‌లో మూడో వంతు మాత్రమే. అందుకే మీ స్ట్రిప్‌లో మొదటి రెండు పట్టీల మధ్య పెద్ద తేడా, చివరి రెండు పట్టీల మధ్య కంటికి ఆనని తేడా కనిపిస్తాయి. కెమెరా లెన్స్ మీద స్టాపులు లెక్కించినట్లే ఎన్లార్జర్ కింద సమయాన్ని కూడా రెట్టింపులలో లెక్కించాలి. అర స్టాప్ చొప్పున వేయదలిస్తే 8, 11, 16, 22, 32 సెకన్లు. ఇంకా సన్నంగా, స్టాప్‌లో మూడో వంతు చొప్పున కావాలంటే 8, 10, 13, 16, 20, 25, 32. మొదటి వరుసను అట్టముక్కతో వేయడం తేలిక: కాగితం మొత్తానికి 8 సెకన్లు ఇచ్చి, మొదటి పట్టీని కప్పి 3 సెకన్లు, రెండో పట్టీ వరకు కప్పి 5, తరువాత 6, చివరికి 10 సెకన్లు ఇస్తే ఆ వరుస వస్తుంది. ప్రతిసారీ బల్బును ఆర్పి వెలిగించవద్దు. బల్బు పూర్తి వెలుగుకు రావడానికి కొంత సమయం తీసుకుంటుంది కనుక 3 సెకన్ల ముక్కలో ఆ నష్టం లెక్కకు వచ్చేంత ఉంటుంది. బల్బు వెలుగుతూనే ఉండగా, గడియారం చప్పుడు వింటూ అట్టను జరుపుకుంటూ పోవడం మేలు. సరైన సమయం 10 సెకన్లకు తక్కువగా వస్తుంటే లెన్స్‌ను ఒక స్టాప్ మూయండి. సాధారణంగా 50 మిల్లీమీటర్ల ఎన్లార్జర్ లెన్స్ ఎఫ్ 8 దగ్గర బాగా పని చేస్తుంది (ఎఫ్ నంబరు లెన్స్ ఎంత తెరిచి ఉందో చెబుతుంది, అది పెరిగితే కాంతి తగ్గుతుంది).

స్ట్రిప్‌ను ఎక్కడ వేయాలన్నది అది ఎలా వేయాలన్నదాని కంటే ముఖ్యం. చాలామంది కాగితాన్ని ఫోటో మధ్యలో అడ్డంగా పెట్టి, ఐదు పట్టీలలో ఐదు వేర్వేరు వస్తువులు పడిన తరువాత ఏది బాగుందో తేల్చుకోలేక తికమకపడతారు. ఫోటోలో మీకు వివరం కావలసిన అతి లేత భాగం ఏదో ముందే ఎంచుకోండి. రామప్ప ఫోటోలో అది తడిసిన ఇసుకరాతి గోడ మీద మెరుపు పడిన చోటు కావచ్చు, మెట్ల మీద ఎవరైనా కూర్చొని ఉంటే వారి తెల్ల పంచె కావచ్చు. కోట ఫోటోలో అది ఎండ పడిన రాతి ముఖం, ఆకాశం కాదు. మే నెల ఆకాశంలో వివరమేదీ ఉండదు, దాన్ని పట్టుకొని లెక్క మొదలుపెడితే మిగతా ఫోటో అంతా మునిగిపోతుంది. ఎంచుకున్న ఆ భాగమే ప్రతి పట్టీలోనూ పడేలా కాగితాన్ని ప్రతిసారీ జరుపుతూ ఐదు చిన్న ముక్కలు వేసినా తప్పులేదు, కాగితం వృథా అయిందనుకోవద్దు. స్ట్రిప్‌ను పూర్తిగా డెవలప్ చేసి, హైపోలో ఉంచి, మామూలు వెలుతురులో చూసి, ఆ లేత భాగంలో వివరం కనిపిస్తూ, అయినా తెల్లగానే అనిపించే పట్టీ ఏదో చూడండి. ఆ పట్టీలో నలుపులు ఎలా ఉన్నాయన్నది ఆ క్షణంలో పట్టించుకోవద్దు.

ఆ సమయంతో ఇప్పుడు పూర్తి ప్రింట్ ఒకటి వేసి, అప్పుడు మాత్రమే నలుపులు చూడండి. చూరు కింది మదనికల (స్త్రీ శిల్పాల) నల్లరాయి బూడిద రంగులో ఉంటే ఫిల్టర్ నంబరు పెంచాలి. నీడలో శిల్పం ముద్దగా పోయి ఉంటే తగ్గించాలి. మేనమామ గారిని అడిగితే చెబుతారు, మల్టీగ్రేడ్ అందరికీ అందుబాటులోకి రాకముందు స్టూడియోలలో సాఫ్ట్, నార్మల్, హార్డ్ అని వేర్వేరు పేపర్ ప్యాకెట్లు ఉంచుకునేవారు. ఊటీలోని హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వారి 'ఇందు' సరుకు ఆ రోజుల్లో మన స్టూడియోలన్నింటికీ పరిచయమే. ఒకే కాగితంతో అన్ని గ్రేడులూ రాబట్టే మల్టీగ్రేడ్‌ను ఇల్ఫోర్డ్ 1940లోనే తెచ్చింది. ఆ కాగితం మీది పొరలో కొంత భాగం నీలి కాంతికి మాత్రమే, కొంత భాగం ఆకుపచ్చ కాంతికి కూడా స్పందిస్తుంది. పసుపు ఫిల్టర్లు నీలాన్ని ఆపి ఆకుపచ్చను పంపుతాయి కనుక కాంట్రాస్ట్, అంటే నలుపు తెలుపుల మధ్య తేడా, మెత్తబడుతుంది. మెజెంటా ఫిల్టర్లు ఆకుపచ్చను ఆపి నీలాన్ని పంపుతాయి కనుక గట్టిపడుతుంది. మీ దగ్గరున్న పెట్టెలో 00 నుంచి 5 వరకు, మధ్యలో అర నంబర్లతో కలిపి, 12 ఫిల్టర్లు ఉంటాయి.

ఇక్కడే చాలామంది తడబడే చోటు ఒకటుంది. 00 నుంచి 3½ వరకు ఫిల్టర్ మార్చినా సమయం మార్చనక్కర లేదని, 4 నుంచి 5 వరకు మాత్రం సమయం రెట్టింపు చేయాలని ఆ పెట్టెతో వచ్చే కాగితంలో రాసి ఉంటుంది. అది నిజమే, కానీ ఆ సమానత్వం ఒక మధ్యస్థ బూడిద రంగు దగ్గర కట్టిన లెక్క. ఫిల్టర్ మార్చినప్పుడు ఆ బూడిద రంగు ఉన్నచోటనే ఉంటుంది, దానికి రెండు వైపులా ఉన్నవి కదులుతాయి. 2 నుంచి 3½కు పోతే నలుపులు ఇంకా నల్లబడతాయి, తెలుపులు ఇంకా తెల్లబడతాయి. మీరు అంత శ్రమపడి కుదుర్చుకున్న లేత భాగంలోని వివరం దీనితో కొట్టుకుపోతుంది. అది చూసి 'ఫిల్టర్ మరీ గట్టిదైంది' అనుకొని వెనక్కి వచ్చేవారు ఎందరో. నిజానికి అక్కడ చేయవలసింది కొత్త ఫిల్టర్‌తో అదే లేత భాగానికి మరో స్ట్రిప్ వేసి సమయాన్ని మళ్లీ కుదుర్చుకోవడం. గ్రేడు, గ్రేడున్నర మార్పుకు సమయంలో అర స్టాప్ దాకా తేడా రావడం వింతేమీ కాదు. ఇలా సమయం పెంచినప్పుడు నలుపులు మరికొంత లోతుకు పోతాయి కనుక, ఫిల్టర్‌ను మొదట మీకు తోచిన దానికంటే అర నంబరు తక్కువే మార్చండి. తెలుపుకు సమయం, నలుపుకు ఫిల్టర్, మళ్లీ తెలుపుకు సమయం అనే ఈ మూడు అడుగులు ఏ మీటరూ లేకుండానే మీ రెండు నెగెటివ్‌లను దారికి తెస్తాయి.

మీరు అడిగిన లెక్క కావాలంటే ఒక లక్స్ మీటర్ కావాలి. ఎలక్ట్రీషియన్లు గదిలో వెలుతురు కొలిచే చిన్న మీటరే సరిపోతుంది గాని, అది లక్స్‌లో రెండు దశాంశ స్థానాల వరకు చూపించేదై ఉండాలి. ఫోనులోని యాప్‌లు ఇంత మసక వెలుతురును కొలవలేవు. నెగెటివ్‌ను ఎన్లార్జర్‌లో పెట్టి, కావలసిన సైజుకు ఫోకస్ చేసి, ఫిల్టర్ తీసేసి, ఎర్ర లైటు కూడా ఆర్పేసి, లెన్స్‌ను పూర్తిగా తెరవండి. ఈజెల్ (ప్రింట్ కాగితాన్ని పట్టి ఉంచే చట్రం) మీద పడిన బొమ్మలో మీకు గట్టి నలుపుగా కావలసిన చోట ఒకసారి, వివరంతో కూడిన తెలుపుగా కావలసిన చోట ఒకసారి మీటర్ పెట్టి చూడండి. నెగెటివ్ కదా, ప్రింటులో నల్లగా రావలసిన చోటే ఈజెల్ మీద ఎక్కువ వెలుతురు ఉంటుంది. పెద్ద సంఖ్యను చిన్న సంఖ్యతో భాగించి, వచ్చిన నిష్పత్తి ఎన్ని రెట్టింపులో చూస్తే నెగెటివ్ వెడల్పు స్టాపులలో తెలుస్తుంది. ఒక్కో స్టాప్‌కు 30 చొప్పున హెచ్చిస్తే, పేపర్ సమాచార పత్రంలో ఒక్కో గ్రేడుకు 'ఐఎస్ఓ రేంజ్' (ఆ గ్రేడు పట్టగల వెలుతురు వెడల్పు) అని ఇచ్చే సంఖ్యతో నేరుగా పోల్చుకోవచ్చు. మల్టీగ్రేడ్ ఆర్‌సీ పేపర్‌కు ఆ సంఖ్యలు సుమారుగా 0కు 160, 1కి 130, 2కు 110, 3కు 90, 4కు 60. కొత్త పెట్టె కొన్నప్పుడు మీ పేపర్ పత్రంతో ఒకసారి సరిచూసుకోండి.

మీ రెండు నెగెటివ్‌ల స్వభావానికి దగ్గరగా ఉండే సంఖ్యలతో చెబుతాను. ముసురు నాటి నెగెటివ్‌లో మదనిక వెనుక చూరు నీడ దగ్గర 3.2 లక్స్, గోడ మీది లేత భాగం దగ్గర 0.6 లక్స్ వచ్చిందనుకుందాం. నిష్పత్తి 5.3, అంటే 2.4 స్టాపులు, 30తో హెచ్చిస్తే 72. అది 3వ గ్రేడు 90కి, 4వ గ్రేడు 60కి నడుమ ఉంది కనుక 3½ ఫిల్టర్‌తో మొదలుపెట్టాలి. 2వ నంబరు ఫిల్టర్‌కు కావలసిన 110లో మూడింట రెండు వంతులే ఈ నెగెటివ్ ఇవ్వగలుగుతోంది. ప్రింటులో తెలుపు కుదిరినప్పుడు నలుపు బూడిదగా మిగిలిపోవడానికి కారణం అదే. 1213 నాటి ఆ గుడిలో ఎర్ర ఇసుకరాతి గోడలకూ, నున్నగా చెక్కిన నల్లటి డోలరైట్ మదనికలకూ మధ్య కంటికి కనిపించే తేడాలో కొంత భాగం రంగు వల్లనే వస్తుంది. నలుపు తెలుపు ఫిల్ము ఆ రంగును వదిలేస్తుంది, ముసురు వెలుతురు నీడలను కూడా చెరిపేస్తుంది. మిగిలిన కొద్దిపాటి తేడాను గట్టి ఫిల్టర్ సాగదీసి ఇస్తుంది. కోట నెగెటివ్‌లో తోరణం నీడ వైపు 12.8, ఎండ వైపు 0.4 వచ్చిందనుకుంటే నిష్పత్తి 32, అంటే సరిగ్గా 5 స్టాపులు, అంటే 150. అది 0కూ, 1కీ మధ్యన ఉంది కనుక ½ ఫిల్టర్.

సమయం కూడా ఇదే మీటరుతో వస్తుంది, కానీ దానికి మంచి ప్రింట్ ఒకటి మీ చేతిలో ముందే ఉండాలి. ఎఫ్ 2.8 దగ్గర లేత భాగం 0.8 లక్స్ చూపించిన నెగెటివ్‌కు, ఎఫ్ 8 దగ్గర 16 సెకన్లతో మీకు నచ్చిన తెలుపు వచ్చిందనుకోండి. ఎఫ్ 2.8 నుంచి ఎఫ్ 8కి మూడు స్టాపులు, అంటే ఎనిమిదో వంతు కాంతి కనుక అసలు పేపర్ మీద పడింది 0.1 లక్స్. 16 సెకన్లతో హెచ్చిస్తే 1.6. ఆ ఫిల్టర్‌కూ, ఆ పేపర్‌కూ ఇది మీ సొంత స్థిరాంకం. మరో నెగెటివ్‌లో లేత భాగం ఎఫ్ 2.8 దగ్గర 0.5 లక్స్ చూపిస్తే, ఎఫ్ 8 దగ్గర అది 0.0625 అవుతుంది, 1.6ను దానితో భాగిస్తే 25.6 సెకన్లు. ఇంతకుముందు చెప్పిన కారణం వల్ల ఒక్కో ఫిల్టర్‌కు ఈ స్థిరాంకం వేరుగా ఉంటుంది. 12 ఫిల్టర్లకూ ఒకేసారి కట్టుకుంటూ కూర్చోనక్కర లేదు, మీరు ఎక్కువగా వాడే మూడు నాలుగింటికి ప్రింట్లు వేస్తున్నకొద్దీ అదే పోగవుతుంది. ప్రింట్ వెనుక పెన్సిల్‌తో లక్స్, ఫిల్టర్, ఎఫ్ నంబరు, సమయం రాసుకోండి. ఈ లెక్కంతా మిమ్మల్ని మొదటి స్ట్రిప్ దాకా దారి తప్పకుండా తీసుకువెళ్తుంది. స్ట్రిప్ వేయడమే అవసరం లేదని దీని అర్థం కాదు. ఎందుకంటే ముసురు నాటి ఫోటోలో అచ్చమైన నలుపు ఉండాలా, లేక ఆ రోజు వెలుతురులాగే మెత్తగా ఉండాలా అన్నది మీటరుకు తెలియదు. నా మట్టుకు నేను అలాంటి ఫోటోను లెక్కకు వచ్చిన దానికంటే అర గ్రేడు తక్కువలోనే ఆపుతాను, వాన రోజు వాన రోజులా కనిపించాలి కదా.

కోట ఫోటోకు ½ ఫిల్టర్ పెట్టగానే అంతా సరిపోతుందని ఆశించవద్దు. నీడలు తెరుచుకుంటాయి, ఎండ వైపు వివరం వస్తుంది, కానీ నడుమ ఉన్న చెక్కడమంతా చప్పగా అనిపిస్తుంది. అలాంటప్పుడు 1½ దాకా పెంచి, నీడ భాగాన్ని ఎక్స్‌పోజర్ మధ్యలో కొంతసేపు అట్టముక్కతో కాపాడడం, ఆకాశానికి విడిగా అదనపు సమయం ఇవ్వడం మంచి మార్గం. ఆ అదనపు సమయాన్ని కూడా స్టాపులలోనే లెక్కించండి: అసలు సమయం 16 సెకన్లయితే ఒక స్టాప్ అదనం అంటే మరో 16 సెకన్లు. దాన్ని 00 ఫిల్టర్‌తో ఇస్తే ఆకాశానికి లేత బూడిద రంగు వస్తుంది, అట్ట అంచు దాటి తోరణం అడ్డదూలం మీద పడిన కాంతి మాత్రం అప్పటికే నల్లగా ఉన్న రాతిలో పెద్దగా తెలియదు. స్తంభాల మధ్య నుంచి కనిపించే ఆకాశానికి ఈ ఉపాయం బాగా పనికొస్తుంది. మొత్తం ఫోటోనే 00తో కొంత, 5తో కొంత వేసే స్ప్లిట్ గ్రేడ్ పద్ధతిని కొందరు మంత్రంలా చెబుతారు. ఫోటో అంతటికీ రెండు ఫిల్టర్లనూ సమానంగా వాడితే వచ్చేది మధ్యలోని ఏదో ఒక ఫిల్టర్‌తో వచ్చే ఫలితమే. ఒక మూలకు మెత్తదనం, మరో మూలకు గట్టిదనం విడివిడిగా ఇవ్వవలసినప్పుడే దాని ఉపయోగం.

సైజు మార్చినప్పటి లెక్క చిన్నది. నెగెటివ్ పొడవు 36 మిల్లీమీటర్లు, 5×7 అంగుళాల ప్రింట్ మీద అది సుమారు 180 మిల్లీమీటర్లు, అంటే 5 రెట్లు. 8×10 మీద సుమారు 252, అంటే 7 రెట్లు. ఎన్ని రెట్లో దానికి ఒకటి కలిపి, వర్గం చేసి, కొత్తదాన్ని పాతదానితో భాగించాలి. 7కు ఒకటి కలిపితే 8, వర్గం 64. 5కు ఒకటి కలిపితే 6, వర్గం 36. భాగిస్తే 1.78. చిన్న ప్రింటుకు 10 సెకన్లు పట్టి ఉంటే పెద్దదానికి 18 సెకన్లు, ఎఫ్ నంబరు మార్చకుండా. రేపు 12×16కు పోతే 11 రెట్లు, 12 వర్గం 144, సరిగ్గా 4 రెట్లు, అంటే 40 సెకన్లు. సైజు పెరిగినకొద్దీ ఫోటో కంటికి కొంచెం మెత్తగా అనిపిస్తుంది కనుక అర గ్రేడు పెంచవలసి రావచ్చు. ఆ మార్పుతో పాటు లేత భాగానికి ఒక స్ట్రిప్ వేయడం మరువవద్దు.

స్నానాల గదిలో రెండు విషయాలు ఈ లెక్కలను చడీచప్పుడు లేకుండా పాడు చేస్తాయి. మొదటిది కరెంటు. ఎన్లార్జర్‌లోని మామూలు బల్బు వెలుగు వోల్టేజి కంటే చాలా వేగంగా పడిపోతుంది: 230 వోల్టులు 220కి దిగితే వెలుగు సుమారు ఏడో వంతు తగ్గుతుంది, దానితో పాటు కాంతి పసుపు వైపు తిరిగి కాంట్రాస్ట్ కూడా కొంత మెత్తబడుతుంది. వీధిలో ఏసీలు, నీటి మోటార్లు నడిచే వేళ వేసిన స్ట్రిప్‌ను పట్టుకొని అర్ధరాత్రి ప్రింట్ వేస్తే తేడా రాక మానదు. ఎన్లార్జర్‌కు మంచి స్టెబిలైజర్ పెట్టండి. అడుగులు వేసినట్లు వోల్టేజిని ఒక్కసారిగా మార్చే ఫ్రిజ్ స్టెబిలైజర్ కంటే నెమ్మదిగా సర్దే సర్వో రకం నయం. రెండోది ఎర్ర లైటు. ఎర్ర రంగు వేసిన జీరో బల్బు పాత బ్రోమైడ్ పేపర్‌కు సరిపోయి ఉండవచ్చు గాని మల్టీగ్రేడ్ పేపర్‌కు అది భద్రమని నమ్మడానికి లేదు. ఒక కాగితం ముక్కకు ఎన్లార్జర్ కింద లేత బూడిద రంగు వచ్చేంత కొద్దిపాటి కాంతి ఇచ్చి, మీరు పని చేసే చోట దాని మీద రూపాయి బిళ్ల పెట్టి, ఎర్ర లైటు కింద ఐదు నిమిషాలు ఉంచి డెవలప్ చేయండి. బిళ్ల ఆకారం కనిపిస్తే మీ తెలుపులు మసకబారడానికి ఆ బల్బే కారణం. ఉత్త తెల్ల కాగితంతో చేసే పరీక్షలో ఈ లోపం బయటపడకపోవచ్చు.

మళ్లీ కోటకు మే నెలలో వెళ్తే నెగెటివ్‌లోనే కొంత పని ముగించవచ్చు. ఆ ఎండకు ఫిల్ము రోల్ ఒకటి విడిగా కేటాయించి, మీటర్ చెప్పిన దానికంటే ఒక స్టాప్ ఎక్కువ ఎక్స్‌పోజర్ ఇచ్చి, ఫిల్ము డెవలపింగ్ సమయాన్ని 15 నుంచి 20 శాతం తగ్గిస్తే, ఇప్పుడు ½ ఫిల్టర్ అడుగుతున్న తోరణం 1 లేదా 1½కు చేరువవుతుంది. ముసురు రోజుల రోల్‌కు ఎక్స్‌పోజర్ మామూలుగానే ఇచ్చి, డెవలపింగ్‌ను అంతే శాతం పెంచండి.